ఆటలో వేషం మార్చేముందు

తిరుపతి

చిరంజీవి అబ్బాయికి పెద్దనాయన ఆశీస్సులు.

మీరు ముగ్గురూ కలిసి చేస్తున్న ఫాంటసీ ఆటలో పిక్సెల్ బొమ్మలు తీసేసి, చేత్తో గీసిన పెయింటింగ్ తీరులోకి మారాలని ఉందని రాశావు. మారండి, తప్పేం లేదు. అయితే ఏం మార్చాలా అన్నదానికంటే ముందు ఏది మారకూడదో తేల్చుకోండి. అది తేల్చుకోకుండా మొదలుపెడితే సగం పాత, సగం కొత్త బొమ్మలతో ఆట ఎటూ కాకుండా ఆగిపోతుంది.

ముందు లెక్క వెయ్యి నాయనా. హీరో ఎనిమిది దిక్కులకు నడవాలి, దిక్కుకు ఎనిమిది ఫ్రేములు (కదలికలో ఒక్కో భంగిమకు ఒక్కో బొమ్మ), అంటే 64 బొమ్మలు. కుడివైపువి అద్దంలోలా తిప్పి ఎడమవైపుకు వాడుకుంటే ఐదు దిక్కులు గీస్తే చాలు, 40. ఇది ఒక్క నడకకు, ఒక్క జత బట్టలకే. కవచాలు ఆరు రకాలుంటే 240. పెయింటింగ్ తీరులో ఫ్రేముకు గంట వేసుకున్నా, రోజుకు ఆరు గంటల చొప్పున ఒక్క హీరో నడకకే నలభై రోజులు. కత్తి దూయడం, దెబ్బ తినడం, కూలిపోవడం ఇంకా మొదలే కాలేదు.

అందుకే ఇంత చిన్న జట్టుకు ఫ్రేము ఫ్రేముగా పెయింట్ చేసే దారి వద్దంటాను. తోలుబొమ్మ పద్ధతి పట్టుకో. తల, మొండెం, నడుము, భుజం నుంచి మోచేయి, మోచేయి నుంచి మణికట్టు, ఇట్లా మనిషిని పద్నాలుగు ముక్కలుగా విడగొట్టి ఒక్కసారే బాగా పెయింట్ చేసి, ఆటను నడిపే సాఫ్ట్‌వేర్, అదే ఇంజిన్‌లో, ఆ ముక్కలకు ఎముకలు కట్టి ఆడించు. మూల దిక్కులకు కూడా పక్క చూపే వాడుకుంటే ముందు, వెనక, పక్క అని మూడు చూపులకు 42 ముక్కలు. నడకకూ యుద్ధానికీ అవే ముక్కలు. కవచం మారితే ముక్కల మీది పెయింట్ మారుతుంది, కదలిక మారదు. ఇందులో అందరూ తప్పు చేసేది కీళ్ల దగ్గర. మోచేయి వంగగానే అక్కడ సందు కనపడుతుంది. కలిసే రెండు ముక్కల చివరలనూ ఒకే కొలత వృత్తంగా గీసి, ఆ వృత్తం నడిమధ్యన కీలు పెడితే ఎంత వంచినా సందు రాదు.

బొమ్మను తిప్పి వాడేటప్పుడు ఇంకొక చిక్కు ఉంది. ఎడమ కంటి మీది గాటు కుడి కంటికి పోతుంది, కుడి చేతి కత్తి ఎడమ చేతికొస్తుంది, ఎడమ పైనుంచి పడుతున్న వెలుతురు కుడి పైకి మారుతుంది. వెలుతురు నెత్తి మీద నుంచి నేరుగా పడేలా పెయింట్ చేస్తే సగం బాధ పోతుంది. మిగతా సగానికి, గాటు, ఒంటి భుజం తొడుగు లాంటివి డిజైన్‌లోనే తగ్గించుకో.

ఇక మారకూడని దాని సంగతి. 1986లో వచ్చిన డ్రాగన్ క్వెస్ట్ ఆటలో అకిరా తోరియామా గీసిన స్లైమ్ అనే చిన్న శత్రువును చూడు. నీటిబొట్టు ఆకారం, రెండు కళ్లు, నవ్వే నోరు, అంతే. పిక్సెళ్లు పోయి పాలిగన్లు (3డి బొమ్మను కట్టే పలకలు) వచ్చినా, అవి నునుపు తేలినా, దాన్ని పోల్చుకోలేనివాళ్లు లేరు. 1997 నాటి ఫైనల్ ఫాంటసీ సెవెన్‌లో ఊళ్లలో తిరిగేటప్పుడు మనుషులు పొట్టిగా, పెద్ద తలలతో ఉంటారు. యుద్ధంలోకి దిగగానే అదే మనిషి పొడుగవుతాడు. ఒకే ఆటలో రెండు కొలతలున్నా ఎవరూ తికమకపడలేదు. తెత్సుయా నోమురా డిజైన్ చేసిన ఆ హీరో ముళ్ల జుట్టూ మనిషంత కత్తీ రెండు చోట్లా అట్లాగే నిలబడ్డాయి మరి. నీ హీరోకు అట్లా నిలబడేవి రెండు గుర్తులు ఎంచుకో. మూడో గుర్తు పెట్టావంటే మొదటి రెండూ పలచబడతాయి.

గుర్తు నిలిచిందో లేదో చూడ్డానికి బొమ్మంతా నలుపుతో నింపి, 64 పిక్సెళ్ల ఎత్తుకు కుదించి, మిగతా పాత్రల పక్కన వరుసగా పెట్టు. ఆట ఎరగని మనిషికి ఒక్క సెకను చూపించు. ఎవరు ఎవరో చెప్పలేకపోతే పెయింటింగ్ జోలికి పోవద్దు, ఆకారం దగ్గరికే మళ్లీ రా.

మన చిత్తూరు వైపు ద్రౌపదమ్మ గుళ్ల దగ్గర భారతం ఆడే వేషాలను ఈ కంటితో చూడు. అంత పెద్ద భుజకీర్తులు, అంత ఎత్తు కిరీటం ఎందుకు? రాత్రిపూట ఎక్కడో వెనక చాప మీద కూర్చున్నవాళ్లకు కూడా వచ్చింది రాజని తెలియాలి. 2004లో వచ్చిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఆటలో భుజాల కవచాలు అంత పెద్దగా ఉండడం పనికొచ్చేదీ ఇందుకే. కెమెరా వెనక నుంచి, కాస్త పైనుంచి చూస్తుంది కాబట్టి ఆడేవాళ్లకు ముఖం కంటే భుజాలూ ఆయుధమూ ఎక్కువ కనపడతాయి. నీ కెమెరా ఎక్కడుందో అక్కడినుంచి కనపడే భాగానికే డిజైన్ ఖర్చుపెట్టు. నడుము పట్టీ మీద నగిషీ చెక్కి ఏం లాభం?

తల కొలత దగ్గర తొందరపడవద్దు. ఇప్పటి బొమ్మ మూడు తలల ఎత్తు, అంటే మొత్తం ఎత్తు తలకు మూడింతలు. దాన్ని ఆరు తలలకు పెంచుతానన్నావు. తెర మీద బొమ్మ ఎత్తు 96 పిక్సెళ్లనుకో. మూడు తలల బొమ్మకు తల 32 పిక్సెళ్లు, ఆరు తలలకు 16. పదహారు పిక్సెళ్లలో కళ్లు రెండు చుక్కలు, కోపమూ ఏడుపూ ఒకేలా కనపడతాయి. అప్పుడు ముఖం చెప్పాల్సింది భుజాలు కుంగడమో, చెయ్యి నడుముకు చేరడమో చెప్పాలి, లేదా డైలాగ్ బాక్స్ పక్కన పెద్ద ముఖం వెయ్యాలి. అంతటితో అయిపోదు. కాళ్లు పొడుగైతే అడుగు పొడుగవుతుంది, పాత వేగానికి నడిపిస్తే పాదాలు నేల మీద జారినట్టుంటాయి. తలుపులు పొట్టివైపోతాయి. కత్తి తగిలే దూరం, కొలిజన్ బాక్స్ (బొమ్మకు ఏదైనా తగిలిందో లేదో ఇంజిన్ చూసుకునే కనపడని పెట్టె) మళ్లీ కొలవాలి. నన్నడిగితే నాలుగున్నర తలల దగ్గర ఆగు. అదే 96లో తలకు 21 పిక్సెళ్లు దక్కుతాయి, కనుబొమల కదలిక తెలుస్తుంది.

రంగుకు మన తాతయ్యగుంట గంగమ్మ జాతరను మించిన పాఠం ఎక్కడా దొరకదు. బైరాగి వేషానికి తెల్లటి నామంకొమ్ము, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు, దొర వేషానికి గంధం. మనిషి అదే మనిషి, ఒంటికి పూసిన రంగొక్కటి మారగానే ఏ వేషమో వీధి చివరినుంచే తెలుస్తుంది. నీ పాత్రకు కూడా ఒంట్లో సగానికి పైగా ఒకే రంగు ఉండాలి. రెండో రంగు అందులో సగం, మెరిసే రంగు పదో వంతు. తర్వాత తెరంతా గ్రేస్కేల్‌లోకి, అంటే రంగుల్లేని నలుపు తెలుపు ఛాయల్లోకి, మార్చి చూడు. హీరో నేలలో కలిసిపోతే రంగు ఎంత బాగున్నా పనికిరాదు. పెయింటింగ్ తీరులో ఎక్కువగా చెడేది ఇక్కడే. నేలకూ గోడకూ ఇష్టంగా అన్ని వివరాలూ గీస్తారు, మనిషి అందులో మునిగిపోతాడు. నేల వెలుగునీడల తేడా తగ్గించు, మనిషికి పెంచు.

గీతకు శ్రీకాళహస్తి కలంకారీ చూడు. కరక్కాయ, పాలల్లో తడిపిన గుడ్డ మీద వెదురు కలంతో కసిమి నలుపు గీత ముందు పడుతుంది, కొద్దిపాటి రంగులు ఆ తర్వాతే. యుద్ధం సన్నివేశంలో పదిమంది గుమిగూడినా ఎవరి చెయ్యి ఎవరిదో తెలిసేది ఆ గీతవల్లే. నీ బొమ్మను 1024 ఎత్తులో గీసి 128లో చూపిస్తే ఎనిమిదో వంతుకు కుదురుతుంది, 8 పిక్సెళ్ల గీత ఒక్క పిక్సెల్ అవుతుంది. అంతకంటే సన్నగా గీస్తే మాసిపోతుంది. బయటి గీత 16, లోపలి గీత 8 పెట్టుకో. అయితే ఆ గుడ్డ మీది దేవుడి బొమ్మను యథాతథంగా తెచ్చి రాక్షసుడికి తొడగవద్దు, శత్రువుల నుదుట నామం పెట్టవద్దు. గీత నడకను నేర్చుకో, మూర్తిని వదిలెయ్యి.

అక్షరాల సంగతి మరవద్దు. ఎనిమిది పిక్సెళ్ల ఫాంటులో తెలుగు ఒత్తులు ఎట్లాగూ పట్టలేదు కాబట్టి ఈ మార్పు మనకు మేలే. వరుసల మధ్య ఎడం ఫాంట్ ఎత్తుకు ఒకటిన్నర రెట్లు ఉంచు, లేకపోతే పై వరుస ఒత్తు కింది వరుస గుడికి తగులుతుంది. గోడో 4 ఇంజిన్‌లో అక్షరాలు సరిగ్గానే కూడతాయి. వేరే ఇంజిన్ అయితే ముందే ‘స్త్రీ’, ‘రాష్ట్రం’, ‘జ్యోత్స్న’ రాసి చూసుకో.

డెమో ఇప్పటికే కొందరు ఆడారన్నావు కదా. 2014లో వార్‌క్రాఫ్ట్ వాళ్లు పాత జాతుల బొమ్మలు కొత్తగా చేసినప్పుడు, పాతవే కావాలన్నవాళ్లకు అవి పెట్టుకునే వీలు కూడా ఇచ్చారు. ముగ్గురు మనుషులతో మీరు ఆ మాట ఇవ్వవద్దు, ప్రతి కొత్త కవచాన్నీ రెండుసార్లు గీయాల్సి వస్తుంది.

హీరోనొక్కడినీ ముందుగా పూర్తి చేసుకోవద్దు. వాడి చుట్టూ పాత లోకం ఉంటే ఎంత మంచి బొమ్మైనా అతికించినట్టే కనపడుతుంది. హీరో, విలన్, ఒక ఊరి మనిషి, ఒక జంతువు, ఒక గది, ఒక మెనూ, ఈ ఆరూ కలిపి ఒకే తెర మీద పెట్టు. దాన్నే నలుపులో ఒకటి, గ్రేస్కేల్‌లో ఒకటి, రంగుల్లో ఒకటి తీసి మూడూ నాకు పంపు. పాత ఫైళ్లు ఒక్కటి కూడా చెరపకుండా వేరే ఫోల్డర్‌లో తేదీ వేసి దాచు.

ఇట్లు
పెద్దనాయన