ప్లేట్‌లో గెలిచిన నూనె నోట్లో గెలుస్తుందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, ఒక వీడియోలో గాజు ప్లేట్ మీద లవంగ నూనె చుట్టూ బ్యాక్టీరియా లేని పెద్ద వలయం, పక్కనే క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ చుట్టూ చిన్న వలయం చూపించారు. చిగుళ్ల వాపుకి డాక్టర్ రాసిచ్చిన మౌత్‌వాష్ మానేసి నూనె పుక్కిలించొచ్చా?

జవాబు: మానేయకండి. వీడియో అబద్ధం కాకపోవచ్చు, కానీ ఆ వలయం మీరనుకుంటున్న మాట చెప్పడం లేదు. పళ్లు పుచ్చడానికి కారణమయ్యే స్ట్రెప్టోకోకస్ మ్యూటన్స్ లాంటి బ్యాక్టీరియాను అగార్ అనే జెల్లీ మీద పలచగా పూసి, నూనెలో తడిపిన 6 మి.మీ. కాగితపు బిళ్ల పెట్టి, 37 డిగ్రీల దగ్గర ఒక రోజు ఉంచి, మర్నాడు బిళ్ల చుట్టూ ఖాళీ ఎంత వచ్చిందో స్కేలుతో కొలుస్తారు. అగార్‌లో ఉండేది దాదాపు అంతా నీళ్లే, నూనేమో నీళ్లలో కలవదు. పైగా అది ఆవిరై మూత కింద నుంచి పక్కకి కూడా పాకుతుంది. క్లోర్‌హెక్సిడిన్ అయితే అగార్‌కే అతుక్కుపోయి ముందుకు సరిగా కదలదు. అంటే వలయం సైజు చంపే శక్తి ఒక్కదాన్నే కాదు, ఎంత దూరం పాకిందన్నదాన్ని కూడా చూపిస్తుంది, అలాంటప్పుడు ఈ రెండు వలయాల్నీ పక్కపక్కన పెట్టి పోల్చడంలో అర్థం లేదు.

చదువుకునే రోజుల్లో నేనూ ఇదే పొరపాటు చేశాను. నూనెను ఆల్కహాల్‌లో కలిపి, కాగితపు బిళ్లలకి బదులు అగార్‌లో చేసిన గుంటల్లో పోసి, మర్నాడు పొద్దున వలయాలు చూసుకుని తెగ మురిసిపోయాను. మా సార్ ప్లేట్ ఎత్తి పట్టుకుని, ఉత్త ఆల్కహాల్ పోసిన గుంట వైపు వేలు పెట్టి చూపించారు. దాని చుట్టూ కూడా ఓ చిన్న వలయం! మళ్లీ మొదటికొచ్చింది పని.

ఇక నోటి సంగతి. పంటి మీద పాచిలో బ్యాక్టీరియా విడివిడిగా ఉండదు, జిగురు పొర కట్టుకుని అందులో దాక్కుంటుంది. దీన్నే బయోఫిల్మ్ అంటారు, మందు లోపలికి దిగడం కష్టం. ప్లేట్ మీద నూనెకి 24 గంటల టైమ్ ఉంది, మీరు పుక్కిలించేది అర నిమిషం, ఆ తర్వాత లాలాజలం కడిగేస్తుంది. క్లోర్‌హెక్సిడిన్ పళ్లకీ నోటి లోపలి పొరకీ అంటుకుని గంటల తరబడి పని చేస్తుంది. ఎక్కువ రోజులు వాడితే పళ్లకి గోధుమ రంగు మరకలు పడతాయి, నాలుక రుచి మారుతుంది, అందుకే డాక్టర్ ఎన్ని రోజులంటే అన్ని రోజులే వాడాలి.

అలాగని నూనెల్ని తీసిపారేయలేం. 1879లో పుట్టిన లిస్టరిన్ మౌత్‌వాష్‌లో ఇప్పటికీ పనిచేసేవి థైమాల్, యూకలిప్టాల్, మెంథాల్, మిథైల్ సాలిసిలేట్ అనే నాలుగు నూనె పదార్థాలే, నెలల తరబడి మనుషుల మీద పరీక్షిస్తే పాచి, చిగుళ్ల వాపు తగ్గాయి. కానీ అందులో థైమాల్ 0.064 శాతం మాత్రమే! సీసాలోంచి నేరుగా నోట్లోకి వంచుకునే నూనెతో దానికి పోలికేంటి?

ప్రశ్న: పంటి నొప్పికి లవంగ నూనె దూది పెడితే హాయిగా ఉంటోంది. ఇంక డాక్టర్ దగ్గరికి వెళ్లాలా?

జవాబు: వెళ్లాలి. అందులోని యూజినాల్ నరాన్ని మొద్దుబారుస్తుంది, పుచ్చు మాత్రం లోపల తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది. చిక్కటి నూనె చిగురుకి తగిలితే కాలినట్టు తెల్లగా అవుతుంది, పిల్లలు మింగితే ప్రమాదం, టీ ట్రీ ఆయిల్ కూడా అంతే. డెంటల్ క్లినిక్‌లో అడుగుపెట్టగానే వచ్చే ఆ వాసన యూజినాల్‌దే. జింక్ ఆక్సైడ్‌తో కలిపి తాత్కాలిక ఫిల్లింగ్‌కి మేమూ వాడతాం, కాకపోతే దాని మీద పంటి రంగు రెజిన్ ఫిల్లింగ్ సరిగా గట్టిపడదు. కాబట్టి ఇంట్లో ఏం పూసుకున్నారో డాక్టర్‌కి చెప్పండి.

ప్రశ్న: నేను డెంటల్ విద్యార్థిని. రూట్ కెనాల్ కడగడానికి నూనెల్ని పరీక్షించాలనుంది, ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: వలయాల దగ్గర ఆగిపోకు. ఎదుగుదల ఆపే కనీస మోతాదు, పూర్తిగా చంపే మోతాదు, రెండూ విడిగా చూడు. ఆ తర్వాత పీకేసిన పళ్లలో ఎంటెరోకోకస్ ఫీకాలిస్ అనే బ్యాక్టీరియా బయోఫిల్మ్ పెంచి, రూట్ కెనాల్ కడగడానికి మేం వాడే సోడియం హైపోక్లోరైట్‌తో పోల్చు. అది చచ్చిన కణజాలాన్ని కూడా కరిగిస్తుంది, ఆ పని నూనెలు చేయవు, నీ అసలు పరీక్ష అక్కడే. నూనెలో ఏ రసాయనం ఎంతుందో ముందే తేల్చుకో, ఎందుకంటే లవంగ మొగ్గ నూనె, ఆకు నూనె ఒకటి కావు. అన్నట్టు, నూనె లేకుండా ఉత్త ఆల్కహాల్ పోసిన గుంట మర్చిపోకు!