ఫోర్డ్ మోడల్ టీకి రక్‌స్టెల్ యాక్సిల్ వేస్తే బ్రేకులు కూడా మార్చాలా?

మార్చాలండీ, నన్నడిగితే బ్రేకులే ముందు. 1908 నుంచి 1927 దాకా వచ్చిన మోడల్ టీలో కాలితో తొక్కే బ్రేకు చక్రాల మీద ఉండదు, ట్రాన్స్‌మిషన్ లోపలి డ్రమ్ మీద ఒక బ్యాండ్ బిగుసుకుంటుంది అంతే, అక్కణ్ణుంచి వెనక చక్రం దాకా డ్రైవ్‌షాఫ్ట్, పినియన్ (దాని చివర ఉండే చిన్న గేరు), చక్రాన్ని యాక్సిల్‌కి పట్టి ఉంచే కీ (లోహపు ముక్క) వీటిలో ఏ ఒక్కటి విరిగినా పెడల్ తొక్కి ఉపయోగం లేదు. హ్యాండ్ లివర్‌తో వెనక చక్రాల్లో పడే చిన్న బ్రేకులు బండి నిలబెట్టడానికే, ఘాట్ దిగేటప్పుడు వాటిని నమ్ముకోకూడదు.

ఇక రక్‌స్టెల్ అంటే అప్పట్లో ఫోర్డ్ డీలర్లే అమ్మిన రెండు స్పీడ్ల వెనక యాక్సిల్. మామూలు టీలో లో గేరుకి దాదాపు 10:1 (చక్రం ఒకసారి తిరగడానికి ఇంజిన్ పదిసార్లు తిరగాలన్నమాట), హై గేరుకి 3.64:1, మధ్యలో ఏమీ లేదు కాబట్టి ఎత్తు ఎక్కాలంటే నరకం, ఇది ఆ లోటు తీరుస్తుంది, చాలా మంచి పార్ట్. కానీ షిఫ్ట్ పూర్తిగా పడక మధ్యలో ఆగితే న్యూట్రల్, ఇంజిన్‌కీ చక్రాలకీ లింకు తెగుతుంది, ట్రాన్స్‌మిషన్ బ్రేకు కూడా దాంతోనే పోతుంది. టీకి అదనంగా తగిలించే వార్‌ఫర్డ్ గేర్‌బాక్స్‌తోనూ ఇదే ప్రమాదం.

అందుకే రాకీ మౌంటెన్ బ్రేకులు వేయించండి, వెనక డ్రమ్ముల మీద బయటనుంచి పట్టే బ్యాండ్లు, అదే పెడల్‌కి కలుపుతారు. రివర్స్‌లో మాత్రం అంత బాగా పట్టవు. యాక్సిల్ విప్పినప్పుడు గేర్లు పక్కకి జరక్కుండా ఆపే పాత బాబిట్ (మెత్తటి మిశ్రలోహం) థ్రస్ట్ వాషర్లు తీసేసి కంచువి వేయమనండి, బాబిట్ పొడైపోతే గేర్లు ఒకదాన్నొకటి వదిలేస్తాయి.