నాఫియాన్ ఆనకట్ట కాదు

విజయవాడ

అమ్మా,

చిప్ మీది సన్నని కాలువల్లో ప్రొటీన్లను పోగుచేయడం గురించి రాసి, గుంటూరు నుంచి నువ్వు పంపిన వ్యాసం అందిన రోజే చదివాను. మూడో పేజీలో ఆగిపోయాను. "ప్రకాశం బ్యారేజీ కృష్ణ నీళ్ళను ఆపినట్టు నాఫియాన్ పొర ప్రొటీన్లను ఆపుతుంది" అన్నావు. వినడానికి బాగుంది. మన పాఠకుడికి 70 గేట్లూ కళ్ళముందు కనిపిస్తాయి. కానీ అది తప్పు. ముఖ్యంగా ఆ వాక్యం కోసమే ఈ ఉత్తరం.

నాఫియాన్ ఒక రకం ప్లాస్టిక్. అందులో సల్ఫోనేట్ గుంపులు రుణావేశంతో ఉంటాయి, దాని రంధ్రాలు కొన్ని నానోమీటర్లే. అందుకే అది ధన అయాన్లను పోనిస్తుంది, రుణ అయాన్లను పోనివ్వదు. కాలువ రెండు కొసల్లో వోల్టేజీ పెట్టి, పొర అవతలి కాలువను గ్రౌండ్ చేస్తే ధన అయాన్లు పొరలోంచి దాటిపోతాయి. వాటికి జోడుగా రుణ అయాన్లు కూడా పొరకు దూరం జరుగుతాయి. దాంతో పొర ముందు ఉప్పు దాదాపు ఖాళీ అయిన చోటు ఏర్పడుతుంది. ఉప్పు తగ్గితే నిరోధం పెరుగుతుంది, విద్యుత్ క్షేత్రం అక్కడే తీవ్రమవుతుంది. ప్రవాహం ప్రొటీన్‌ను ముందుకు తెస్తుంటే ఆ క్షేత్రం వెనక్కి నెడుతుంది. రెండు బలాలూ సరితూగిన చోట ప్రొటీన్ గీతలా పోగవుతుంది, పొరను తాకను కూడా తాకదు. 2005లో ఎంఐటీలో జోంగ్యూన్ హాన్ బృందం ఈ కిటుకుతోనే, నాఫియాన్ కూడా లేకుండా, 40 నానోమీటర్ల లోతు కాలువలతో పది లక్షల రెట్ల దాకా సాంద్రీకరణ చూపించింది.

పోలికే కదా, పోనీ అంటావేమో. పోనివ్వలేను. నీ వ్యాసం నమ్మి చిప్ చేసే విద్యార్థి ఆనకట్ట ఎంత మందమైతే అంత గట్టి అనుకుని నాఫియాన్ దట్టంగా పూస్తాడు. పూత మైక్రోమీటర్ దాటితే దాని అంచుల్లో పైనున్న పీడీఎంఎస్ (చిప్‌లో కాలువలు పోతపోసే సిలికోన్ రబ్బరు) గాజుకు సరిగా అతుక్కోదు, ద్రవం పక్కలకు కారుతుంది. ఆనకట్టకు ఉప్పునీరైనా మంచినీరైనా ఒకటే కాబట్టి సీరంను (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవాన్ని) పలచన చేయకుండా పోస్తాడు. ఉప్పు ఎక్కువుంటే ఆ ఖాళీ చోటు పుట్టించడమే కష్టం. పోలిక రాసే ముందు, దాన్ని నమ్మినవాడు చేత్తో ఏం చేస్తాడో ఊహించు. పొరపాటు చేయిస్తుందనిపిస్తే ఎంత అందంగా ఉన్నా కొట్టెయ్.

రెండోది, "పీడీఎంఎస్‌లో తగినంత గట్టిపరిచే ద్రవం కలపాలి" అన్నావు. ఆవకాయలో ఉప్పు తగినంత అంటే అమ్మమ్మకు తెలుస్తుంది, కొత్త కోడలికి తెలియదు. బరువులో పదికి ఒకటి అని రాయి: 30 గ్రాముల బేస్‌కు 3 గ్రాములు, తూకం వేసి, సిరంజితో కొలిచి కాదు. తక్కువైతే జిగటగా మిగిలి అచ్చు నుంచి తీసేటప్పుడు చిరుగుతుంది. బాగా కలిపి అరగంట వాక్యూమ్‌లో పెట్టి గాలి తీసేయాలి, ఎస్‌యూ-8 అనే, కాంతితో గట్టిపడే పదార్థంతో చేసిన అచ్చు మీద పోసి 80 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచాలి. లేటెక్స్ గ్లవ్స్ వేసుకోవద్దని కూడా చెప్పు. వాటిలోని గంధకం పీడీఎంఎస్‌ను గట్టిపరిచే ప్లాటినం ఉత్ప్రేరకాన్ని పనిచేయనివ్వదు, తాకిన చోట గట్టిపడదు. ఇలాంటి అంకెలను "పాఠకుడు బెదిరిపోతాడు" అంటూ కొట్టేసే సంపాదకులున్నారు. నా వ్యాసంలో "పదికి ఒకటి" తీసేసి "తగు పాళ్ళలో" అని వేసిన పెద్దమనిషిని ఇప్పటికీ క్షమించలేదు. శీర్షికలో "అరచేతిలో ప్రయోగశాల" అని ఉంటే చాలు, లోపల ఏముందో చూడరు. నువ్వు కూడా ఆ మాట నాలుగు సార్లు వాడావు. నాలుగూ తీసెయ్.

నాఫియాన్ పూత గురించి అసలు రాయలేదు. గాడి ఉన్న చిన్న పీడీఎంఎస్ ముక్కను గాజు మీద బోర్లించి, ఒక కొసన 5 శాతం నాఫియాన్ ద్రావణం చుక్క వేసి, రెండో కొస నుంచి పీల్చేయాలి. ముక్క ఎత్తేశాక పల్చటి చార మిగులుతుంది. హాట్ ప్లేట్ మీద ఆరబెట్టి, పీడీఎంఎస్‌కూ గాజుకూ అర నిమిషం నుంచి నిమిషం లోపు ఆక్సిజన్ ప్లాస్మా (రెండు తలాలూ అతుక్కునేలా చేసే, విద్యుత్తుతో అయనీకరించిన వాయువు) ఇచ్చి, వెంటనే అతికించాలి.

నీ వ్యాసంలో నన్ను కదిలించింది ఒక్క వాక్యం: "బుడగ చేరితే ఆ రోజు అయిపోయినట్టే." అక్కడే ఆపేశావు. ఎందుకు అయిపోతుంది? 50 మైక్రోమీటర్ల వెడల్పు, 10 మైక్రోమీటర్ల లోతు, సెంటీమీటర్ పొడవున్న కాలువలో పట్టేది 5 నానోలీటర్లే. వెడల్పంతా ఆక్రమించిన బుడగ విద్యుత్ దారిని తెంపేస్తుంది. అమ్మీటర్‌లో కరెంటు ఒక్కసారిగా పడిపోతే ముందు దాన్నే వెతకాలి. బఫర్‌ను (పీహెచ్ మారకుండా నిలిపే ద్రావణాన్ని) పదిహేను నిమిషాలు వాక్యూమ్‌లో ఉంచడం, ప్లాస్మా ప్రభావం తగ్గకముందే కాలువ తడపడం, ఒక కొస నుంచే నింపడం బుడగ రాకుండా చేసే పనులు. వచ్చాక చేయగలిగింది కూడా ఉంది. పీడీఎంఎస్ గాలిని పోనిస్తుంది కాబట్టి, ఒక కొస మూసి రెండో కొస నుంచి మెల్లగా ఒత్తిడి పెడితే బుడగ గోడలోంచి హరించుకుపోతుంది. రిజర్వాయర్లలో మట్టాలు సమానంగా ఉంచమని కూడా రాయి. ఒక మిల్లీమీటర్ తేడా అంటే 10 పాస్కల్స్, పోగైన ప్రొటీన్ గీతను కదిలించడానికి అది చాలు. ఈ పేరా రెండు పేజీలు కావాలి.

ఏ పత్రికకు పంపాలి, కలం పేరు పెట్టుకోవాలా అన్నావు. అవి తర్వాత.

ఇంకొకటి. బీఎస్ఏ (ఆవు రక్తంలోని ప్రొటీన్) నుంచి లైసోజైమ్ (గుడ్డు తెల్లసొనలో ఉండే ప్రొటీన్) "వేరుపడింది" అని రాశావు. పీహెచ్ 7.4 దగ్గర బీఎస్ఏది రుణావేశం, దాని ఐసోఎలక్ట్రిక్ పాయింట్ (మొత్తం ఆవేశం సున్నా అయ్యే పీహెచ్) 4.7 చుట్టుపక్కల. లైసోజైమ్‌ది 11 దగ్గర, అంటే ధనావేశం. గాజు గోడది రుణావేశం. అది వేరుపడలేదు, గోడకు అంటుకుపోయి ఉండొచ్చు. రెంటికీ ఫ్లోరసెంట్ రంగు తగిలించానన్నావు కదా, కాలువను ప్రొటీన్ లేని బఫర్‌తో కడిగి మైక్రోస్కోప్‌లో గోడలు చూడు. మెరుస్తూ ఉంటే ఫలితాల భాగం మొత్తం మళ్ళీ రాయాలి. చూసి జవాబు రాయి.