చెన్నై కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి అరగంట చాలా?

"చెన్నైలో ఒక పూట నడిచి తిరుగుదామనుకుంటున్నాను. సెయింట్ జార్జ్ కోటలోని పాత చర్చికి అరగంట సరిపోతుందా? అసలక్కడ చూడ్డానికేముంది?" అని అడిగారు. అరగంట చాలదు. గైడ్ వెంట గుంపుగా మాత్రం అస్సలు వెళ్లకండి.

గైడ్లు అక్కడ చెప్పేది రెండు పెళ్లిళ్ల గురించే. 1680లో, అమెరికాలోని యేల్ యూనివర్సిటీకి పేరొచ్చిన ఎలిహు యేల్ పెళ్లి, 1753లో రాబర్ట్ క్లైవ్ పెళ్లి. యేల్ అనగానే పిల్లల్ని అమెరికా పంపాలనుకునే వాళ్లందరూ ఫోన్లు బయటికి తీస్తారు. నాలుగు ఫోటోలు, "నెక్స్ట్ మ్యూజియం", అయిపోయింది. అలా వెళ్లొచ్చిన వాళ్లలో చర్చి చూసినవాడు ఒక్కడూ ఉండడని నేను రాసిస్తాను.

మా నాన్న అనంతపురం జిల్లాలో రెవెన్యూలో పనిచేసి రిటైరయ్యారు. కంటి పరీక్షకని చెన్నై తీసుకెళ్తే, రిపోర్టుకి సాయంత్రం రమ్మన్నారు. లాడ్జి గదిలో కూర్చోబెడితే ఆయన ఊరుకోరు, అందుకని కోటకి తీసుకెళ్లాను. తమిళనాడు సచివాలయం, అసెంబ్లీ ఆ కోటలోనే ఉన్నాయి కాబట్టి గేటు దగ్గర సంచి తీసి చూపించాలి. ఆ హడావుడి దాటి చర్చి ఆవరణలోకి అడుగుపెట్టేసరికి చప్పుడంతా ఆగిపోయింది.

అక్కడ నాన్న ముందుకి కదల్లేదు. చర్చి చుట్టూ నేలంతా పరిచినవి సమాధి రాళ్లే. లాటిన్, పోర్చుగీసు, ఆర్మీనియన్ రాతలున్న పెద్ద పెద్ద పలకలు. నిజానికి ఆ సమాధులు ఇక్కడివి కావు. ఇప్పుడు హైకోర్టు, లా కాలేజీ ఉన్న వైపు పాత ఇంగ్లీషు శ్మశానం ఉండేది. 1758-59లో ఫ్రెంచివాళ్లు కోటని ముట్టడించినప్పుడు ఆ సమాధుల చాటున దాక్కుని కాల్చారట. మళ్లీ ఆ అవకాశం ఇవ్వకూడదని తర్వాత సమాధులు తీసేసి, రాళ్లు తెచ్చి ఇక్కడ పరిచారు. ఇదంతా చెప్పినా ఆయన వినలేదు. "సచ్చినోళ్ల పేర్ల మీద కాలు పెడతామా?" అని గోడవారగా, రాళ్ల మధ్య సందులు వెతుక్కుంటూ నడిచారు. గుమ్మం దగ్గర చెప్పులు కూడా విప్పేశారు. ఎవరూ విప్పమనలేదు, మళ్లీ వేసుకోమనీ అనలేదు.

లోపల గోడలు దాదాపు 4 అడుగుల మందం. పైకప్పు ఇటుక కమాను. ఫిరంగి గుండు పడినా తట్టుకోవాలని అలా కట్టారు. 1678 మార్చి 25న పని మొదలుపెట్టి, 1680 అక్టోబరులో ప్రతిష్ఠ చేశారు. డబ్బు ఈస్టిండియా కంపెనీది కాదు, కోటలోని ఇంగ్లీషువాళ్లు చందాలు వేసుకున్నారు. మేం బల్ల మీద కూర్చున్నాం. ఒక గుంపు వచ్చింది, రెండు పెళ్లిళ్లూ విన్నది, వెళ్లిపోయింది. నాన్న లేచి, కళ్లద్దాలు పైకీ కిందకీ జరుపుకుంటూ ఒక్కో రాయీ చదవడం మొదలుపెట్టారు. కొంతసేపటికి గట్టిగా పిలిచారు.

"రేయ్, ఇట్లా రా! మన మన్రో దొర ఈడుండాడు!"

థామస్ మన్రో. 1800లో నిజాం దత్తమండలాలని, అంటే మన సీమ, బళ్లారి వైపు ప్రాంతాన్ని, కంపెనీకి ఇచ్చాక 1807 దాకా అక్కడ ప్రిన్సిపల్ కలెక్టరు. జమీందారుని మధ్యలో పెట్టకుండా రైతు పేరునే శిస్తు కట్టే రైత్వారీ పద్ధతికి గట్టిగా నిలబడ్డవాడు. 1820లో మద్రాసు గవర్నరయ్యాడు. 1827 జూలైలో పర్యటనకొచ్చి పత్తికొండలో కలరాతో పోయాడు. గుత్తిలో పాతిపెట్టారు, 1831లో అవశేషాలని ఈ చర్చికి తెచ్చారు. సీమలో పిల్లలకి మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. ఇంగ్లీషు దొర పేరుకి అప్ప తగిలించి ఇంటిల్లిపాదీ పిలుచుకున్న ఊళ్లు మావి.

నాన్న అక్కడే నిలబడి గండి క్షేత్రం కథ ఎత్తుకున్నారు. పాపాఘ్ని నది దగ్గర రెండు కొండల మధ్య బంగారు తోరణం మన్రోకి కనబడిందనీ, చావు దగ్గరపడ్డవాళ్లకే అది కనబడుతుందనీ. మా వైపు అందరూ చెప్పేదే. ఆ నిశ్శబ్దంలో ఆయన గొంతు మరీ పెద్దదై, చర్చి చూసుకునే మనిషి వచ్చాడు. కసురుతాడేమోనని నాకు టెన్షన్. ఆయన వచ్చీరాని తెలుగులో "ఆ తోరణం ఇప్పుడూ ఉందా?" అని అడిగాడు. నాన్నకి ఇంకేం కావాలి? మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి మన్రోకి కనిపించి మాట్లాడాడనే కథ కూడా చెప్పేశారు.

అలాగని దొరని దేవుణ్ణి చేయకండి. అప్పటి శిస్తు రైతు నడ్డి విరిచే శిస్తు. నాలుగో వంతు తగ్గించమని మన్రోనే 1807లో రాశాడు, తగ్గింపు రావడానికి ఆయన గవర్నరు అయ్యేదాకా పట్టింది. "ఈయన కొలిపించిన భూములే గదరా, నా సర్వీసంతా తగాదాలు తెంపింది" అన్నారు నాన్న. కోపమో అభిమానమో నాకు అర్థం కాలేదు.

నా బాధల్లా ఒకటే. చెన్నైలో మన్రో పేరెత్తితే మౌంట్ రోడ్డు దగ్గర గుర్రం మీద విగ్రహం, దానికి రికాబు (గుర్రం మీద కాలు పెట్టుకునేది) లేదనే ముచ్చట. మనవాళ్లు కూడా ఆ విగ్రహం దగ్గర ఫోటో దిగి వచ్చేస్తారు. కర్నూలు, కడప, అనంతపురం వాళ్లు ఆస్పత్రి పనుల మీద వారం వారం ఆ నగరానికి వెళ్తుంటారు. కోటలో ఎవరున్నారో వాళ్లకి చెప్పే దిక్కు లేదు.

మీరు వెళ్తే గుర్తింపు కార్డు పెట్టుకోండి, పొద్దున్నే వెళ్లండి, అసెంబ్లీ జరిగే రోజులు మానుకోండి. పక్కనున్న మ్యూజియానికి శుక్రవారం సెలవు. చర్చి చూశాకే అటు వెళ్లండి, ముందు వెళ్తే కత్తులూ తుపాకులూ చూసి కాళ్లు పీకి చర్చికి ఓపిక మిగలదు.