బట్టల స్వేచ్ఛ ఎంతవరకు?

ప్రశ్న: 2016లో అమెరికాలోని ఓర్లాండోలో, వ్యక్తి స్వేచ్ఛే ముఖ్యమనే లిబర్టేరియన్ పార్టీ మహాసభ వేదికపైనే ఒకాయన లోదుస్తుల దాకా బట్టలు విప్పేశారట. స్వేచ్ఛంటే అదేనాండీ?
– ఓ పాఠకురాలు, గుంటూరు

జవాబు: కాదమ్మా. అక్కడి సభ్యులే గోల చేశారు. వాళ్ల సిద్ధాంతంలోనూ స్థలం ఎవరిదో నియమం వాళ్లదే, సొంత తోటలో ఎలా ఉన్నా అభ్యంతరం లేదంటారు, అది నాకూ సబబే. ఇక్కడైతే బహిరంగంగా ఇతరులకు ఇబ్బందయ్యేలా అశ్లీలంగా ప్రవర్తిస్తే భారతీయ న్యాయ సంహిత 296వ సెక్షన్ కింద 3 నెలల దాకా జైలు పడొచ్చు. నా బాధ వేరు. బెజవాడ కృష్ణా ఘాట్లలో మగవాళ్లు తువ్వాలు చుట్టుకుని తీరిగ్గా తల తుడుచుకుంటుంటే, ఆడవాళ్లు తడిచీర మీదే పొడిచీర చుట్టుకుని, కొంగు పళ్లతో పట్టుకుని అవస్థపడుతుంటారు. వాళ్లకి ప్రతి ఘాట్‌లో తలుపున్న గది కావాలని ముందు అడుగుదాం.