తంగేడు కోయబోతున్న బిడ్డకు

బిడ్డా,

ఈసారి ఎంగిలిపూల బతుకమ్మకు పువ్వు కొనవట, పిల్లలను వెంటేసుకుని వికారాబాద్ దారిలో గుట్టల మీద నువ్వే తంగేడు కోస్తావట. మీ అమ్మ చెప్పగానే ఎంత మురిసిపోయానో! ఫోన్ పెట్టేశాక మాత్రం ఒకటే టెన్షన్.

పొద్దున్నే వెళ్ళు. బూట్లు వేసుకో. రాళ్ళ సందుల్లో చేయి పెట్టకు.

పచ్చటి పువ్వల్లా తంగేడు కాదమ్మా. మా పెద్దోడికి అప్పుడు ఐదేళ్ళు. గచ్చిబౌలి వైపు అప్పట్లో బండలూ తంగేడు పొదలే. మోరీ పక్కన ఒక మొక్క కనబడితే "అదిగో తంగేడు, నువ్వు అది కోయి" అని వాణ్ణి అక్కడ వదిలి, నేను గుట్టెక్కాను. అది కసివింద. వాడు కాయలు ఒలిచి గింజలు నమిలాడు. రాత్రికి వాంతులు. డాక్టర్ ఏం తిన్నాడని అడిగితే, తంగేడు కాయలని ఎంత ధీమాగా చెప్పానో! వాడి జేబులో మిగిలిన కాయ చూసి మా అత్తమ్మే అంది, "ఇది కసింద కదనే" అని. ఆ గింజలు పిల్లల కాలేయాన్నీ మెదడునూ కూడా దెబ్బతీస్తాయని అప్పుడు తెలిసింది. రెండు రాత్రులు వాడి అరికాళ్ళు పట్టుకుని కూర్చున్నా. వాడిప్పుడు ఆ మాటెత్తి నవ్వుతాడు. నాకు నవ్వు రాదు.

ఫోన్‌లో యాప్ ఉందంటావు, తెలుసు. పువ్వొక్కటే ఫొటో తీస్తే అదేం చెబుతుంది? ఆకు చూడు. తంగేడుకు రెమ్మకు ఎనిమిది నుంచి పన్నెండు జతల ఆకులు, కొసలు మొద్దుగా ఉంటాయి. రెమ్మ మొదట్లో కాడను పట్టుకుని రెండు గుండ్రటి చెవులుంటాయి. కాయ కాగితమంత పలచన. కసివిందకు నాలుగైదు జతలే, కొసలు సూదిగా ఉంటాయి, నలిపితే కంపు. అది చెత్తకుప్పలూ మోరీ గట్లూ పట్టుకుని పెరుగుతుంది. తంగేడుకు మొరం నేల, ఎండ ఉంటే చాలు. మేకలు కూడా పెద్దగా ముట్టవు. 2014లో రాష్ట్ర పుష్పం అన్నారు గానీ, అది పూసే గుట్టలనే పగలగొడుతున్నాం.

కొమ్మలు విరవకు, గుత్తులే తుంచు. మోరీ పక్కన చిన్నదాని చేయి వదిలావో, నా చేతిలో తిట్లు తింటావ్. కోసే ముందు ఆ చెవులు కనబడేలా ఫొటో తీసి పంపు. పొద్దున్నించీ ఫోన్ చేతిలోనే పెట్టుకుని ఉంటా.

మీ పెద్దమ్మ