యుద్ధసమయంలో హార్బర్ కాపలాకు లాంచీలు, ఫెర్రీలు ఏం పనికొస్తాయి?

పెద్ద యుద్ధనౌకలు రేవులోనే ఉండగా చిన్న సహాయక నౌకలతో పనేంటని అడిగారు. 1942 మే 31 రాత్రి సిడ్నీ హార్బర్‌లో జరిగింది చూస్తే తెలుస్తుంది. జపాన్ ఆ రాత్రి మూడు బుల్లి జలాంతర్గాముల్ని లోపలికి పంపింది. ఒక్కోదాంట్లో ఇద్దరు మనుషులు, రెండు టార్పెడోలు (నీళ్లలో దూసుకెళ్లి ఓడను పేల్చే ఆయుధాలు).

రేవు ముఖద్వారం దగ్గర సముద్రం అడుగున కేబుల్ పరిచి ఉంచారు. ఉక్కు ఓడ దాని మీదుగా పోతే కొద్దిగా కరెంటు పుట్టి, ఒడ్డున కాగితం మీద గీత వంకరపోతుంది. ఫెర్రీ పోయినా అంతే. ఆ రాత్రి 8 గంటలప్పుడు పడిన గీతను మామూలు రాకపోకల్లో కలిపేశారు. అందుకే గీత పడిన చోటికి వెంటనే వెళ్లి కళ్లతో చూసొచ్చే పడవ కావాలి. లంగరేసిన క్రూజర్ లాంటి పెద్ద యుద్ధనౌక ఆ పని చేయలేదు.

జలాంతర్గాముల్ని ఆపడానికి రేవుకు అడ్డంగా కట్టిన వల కూడా పూర్తి కాలేదు, రెండు చివర్లా ఖాళీ ఉంది. అయినా ఒక జలాంతర్గామి అందులో చిక్కుకుంది. సుమారు 8.15కి చూసిన కాపలాదారు తెడ్డు పడవలో వెళ్లి గస్తీ లాంచీకి చెప్పాల్సి వచ్చింది. ఆ లాంచీలకు రేడియోలు లేవు, దీపాల సైగలే దిక్కు. చివరికి 10.35కి లోపలివాళ్లే దాన్ని పేల్చుకున్నారు. రెండు గంటలకు పైగా పోయింది! నా లెక్కలో ఆ రాత్రి అసలు లోపం ఇదే.

ఈలోగా లోలిటా అనే లాంచీ వేసిన, నీటి అడుగున పేలే బాంబులైన డెప్త్ చార్జ్‌లు పేలలేదు. వాటిని పేల్చేది నీటి ఒత్తిడి. అమర్చిన లోతు కన్నా అక్కడ నీళ్లు తక్కువగా ఉంటే ఒత్తిడి చాలదు, బాంబు అడుగున పడి ఉంటుంది. పోనీ లోతు తగ్గిద్దామంటే పడవకే ముప్పు. 15 మీటర్లకు అమర్చితే, సెకనుకు సుమారు 3 మీటర్లు మునిగే బాంబు 5 సెకన్లలో పేలుతుంది. 10 నాట్ల వేగంతో, అంటే సెకనుకు సుమారు 5 మీటర్లు, పోయే లాంచీ ఆ లోపు 25 మీటర్లే దూరం జరుగుతుంది. తెల్లవారుజామున అదే రేవులోని టేలర్స్ బే‌లో సీ మిస్ట్ అనే లాంచీ ఇలాగే దాడి చేసింది. రెండో బాంబు దెబ్బకు దాని ఇంజన్లలో ఒకటి ఆగిపోయింది.

సహాయక నౌకల్లో మరో రకం, నావికులు పడుకునే నౌకలు. కుట్టబుల్ అలాంటిదే, పాత ఫెర్రీ. చికాగో క్రూజర్ మీదికి వదిలిన టార్పెడో గురి తప్పి కుట్టబుల్ కిందుగా పోయి పేలింది. 21 మంది నావికులు చనిపోయారు. నిద్రపోయే మనుషులున్న నౌకను శత్రువు గురిపెట్టే ఓడకు అంత దగ్గరలో కట్టి ఉంచకూడదు.